కొత్తపేటలో కుట్టిన పడవలు

ఇది ఇంతకు ముందే రాయకపోవడానికి కారణం చాలా చిన్నది. నాకు రాయడం రాదు. యాభై నాలుగేళ్లు వచ్చేదాకా ఒక్క అక్షరం రాదు. చిన్నప్పుడు నన్ను బడి మాన్పించారని చెబితే వినేవాళ్లకు జాలి కలుగుతుంది కానీ, అది అబద్ధం. నల్లగొండ దగ్గర మా పల్లెలో బడి ఉండేది. మా నాయన పంపాడు కూడా. నేనే మూడో రోజు పారిపోయి మా మేనత్త కుట్టుమిషను పక్కన కూర్చున్నాను. మిషను తొక్కడం వచ్చాక ఇక చదువుతో పనేముంది అనుకున్నాను. పెద్దయ్యాక ఎవరైనా కాగితం చేతిలో పెడితే కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానని చెప్పేదాన్ని. నాకు కళ్లద్దాలే లేవు. ముప్పై ఏళ్లపాటు లేని కళ్లద్దాలను మర్చిపోతూనే ఉన్నాను.

చర్చిలో అయితే ఇంకా బాగా నటించేదాన్ని. పాటలన్నీ కంఠతా వచ్చు కాబట్టి పుస్తకం తెరిచి పట్టుకుని, పక్కామె పేజీ తిప్పినప్పుడల్లా నేనూ తిప్పేదాన్ని. అంకెలు మాత్రం వచ్చు, టేపు మీద ఉన్నంతవరకు.

ఇలాంటి మనిషిని రేసు పడవల డిజైనర్ అంటే నవ్వొస్తుంది. నాకూ వస్తుంది. పైగా స్వతంత్ర డిజైనర్‌ని. స్వతంత్ర అంటే ఎవరూ కొలువులో పెట్టుకోలేదని అర్థం. రేసు పడవ అనగానే టీవీలో కనిపించే తెల్లటి మేడలాంటిది ఊహించుకోవద్దు. ఒక్క మనిషి కూర్చుంటే నిండిపోయే ప్లైవుడ్ పడవ, దానిమీద ఒక తెరచాప. మోటారు ఉండదు. వీచే గాలిని పట్టుకుని పక్క పడవ కంటే ముందు వెళ్లాలి. నా పనంతా ఆ గాలి పట్టుబడేలా పడవకు ఆకారం ఇవ్వడం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేటకు వచ్చేదారిలో ఒక సందులో మేము కిరాయికి ఉంటాం. ముందు గదిలో నా బ్లౌజుల దుకాణం. ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో పనిచేసే నర్సు నా దగ్గరే బ్లౌజులు కుట్టించుకునేది. ఒకరోజు ఆమె బ్లౌజు గుడ్డకు బదులు పెద్ద తెల్లటి మూట తెచ్చి నా మిషను ముందు పడేసింది.

"ఆంటీ, చినిగింది. జర కుట్టియ్యరాదు?"

"ఏంది బిడ్డా గిది, పెళ్లి పందిరిదా?"

"కాదాంటీ, తెరచాప. ట్యాంక్‌బండ్ల నేను పడవ నడుపుత గద. మీకు జెప్పలే?"

చెప్పలేదు. ఆదివారం ఆదివారం ఈ పిల్ల ఎక్కడికి పోతుందా అని నేను ఇంకేదో అనుకున్నాను, అది ఇక్కడ రాయను.

మూట విప్పి నేల మీద పరిచాను. పరుచుకోలేదు. నడుమ ఉబ్బుగా లేచి నిలబడింది. ఎంత చదును చేసినా మళ్లీ లేస్తోంది. వంగి కుట్లు చూశాను. పొడవాటి పట్టీలను కలిపి కుట్టారు కానీ, వాటి అంచులు తిన్నగా లేవు, సన్నని వంపుతో కోశారు. బ్లౌజుకు ఎదభాగం రావాలని డాట్లు పట్టి కుట్టడం లాంటిదే. అంటే ఇన్ని వేల బ్లౌజులు కుట్టి నేను చేసిన పనిని ఎవరో గాలి కోసం చేశారన్నమాట. చిరుగు మాత్రం కుట్టి ఇస్తే సరిపోయేది. నాకు ఊరికే ఉండే గుణం లేదు. దాని ఉబ్బు కిందికి జారిపోయిందనిపించి, నర్సును అడక్కుండా మొత్తం విప్పి, వంపులు మార్చి, మళ్లీ కుట్టాను. కొన్నాళ్లకు ఆమె దుకాణంలోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. నా జుట్టు పట్టుకుంటుందేమోనని కత్తెర దగ్గర పెట్టుకున్నాను.

"ఆంటీ, ఏం జేసిండ్రో గని, నా పడవ ఉరుకుతుందాంటీ!"

అలా మొదలైంది నా వృత్తి జీవితం.

తెరచాపల దగ్గరే ఆగితే మర్యాదగా ఉండేది. కానీ ఆమె ఒకరోజు తన ఫోనులో ప్లైవుడ్ పడవ తయారుచేయడం చూపించింది. పలకలను కోసి, అంచులకు సన్నని రంధ్రాలు చేసి, రాగితీగతో కుడుతున్నారు. కుట్టిన చోట ఫైబర్ గుడ్డ అంటించి, దానిమీద ఆరితే రాయిలా గట్టిపడే రెసిన్ జిగురు పూస్తున్నారు. కుట్టుపని! నేను చెయ్యలేనిది ఇందులో ఏముంది? పాత క్యాలెండర్ల అట్టలతో జానెడు పడవలు కోసి, దారంతో కుట్టి, బట్టలు నానబెట్టే టబ్బులో వదిలేదాన్ని. కొన్ని మునిగాయి. కొన్ని గుండ్రంగా తిరిగాయి. మూడు నెలలు ఆ టబ్బులో బట్టలు నానలేదు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఒకరోజు టబ్బు దగ్గర చేతిలో బనియన్లు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందే నీ పడవలు? గీ బనియన్లు ఏడ పిండాలె?"

"జర ఆగయ్యా. గిది తిన్నగ పోతుంది, సూడు."

ఆయన చూశాడు. పడవ తిన్నగా పోయింది. బనియన్లు పక్కన పెట్టి, "పెద్దది జేస్తె పలక కోసే మిషను నేను పడ్త," అన్నాడు. ఈ వృత్తిలో నాకు దొరికిన మొదటి మద్దతు, చివరి మద్దతు కూడా అదే.

అప్పుడే నర్సు ఇంకో మాట చెప్పింది. ట్యాంక్‌బండ్ దగ్గర పడవలవాళ్లు ఏటా పెట్టే పోటీలో సొంతంగా డిజైన్ చేసిన పడవలకు వేరే రేసు ఉందట. పొడవు పదకొండు అడుగులు దాటకూడదు, వెడల్పుకీ తెరచాపకీ ఒక హద్దు ఉంటుంది, మిగతాదంతా చేసేవాళ్ల ఇష్టం. పడవతోపాటు ఒక కాగితం ఇవ్వాలి. అందులో డిజైనర్ పేరు ఉంటుంది. పడవ గట్టుకు చేరగానే నడిపినవాళ్ల పేరుతోపాటు ఆ పేరు కూడా మైకులో చదువుతారు.

ఆ మాట నా బుర్రలో కూర్చుండిపోయింది. నేను కుట్టిన బ్లౌజులు ఎందరు వేసుకుని ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లారో. ఎక్కడా నా పేరు లేదు, ఉండదు కూడా. ఈ పడవ కాగితం మీదైనా నా పేరు ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే. గెలవాలని కూడా లేదు. ఆ పేరు కాగితం మీద ఎవరు రాస్తారన్నది మాత్రం ఆలోచించలేదు. అంత తెలివే ఉంటే మూడో రోజు బడినుంచి పారిపోయేదాన్ని కాదు.

ఇంటిముందు బండ్లు పెట్టే చోట రెండు స్టూళ్ల మీద పడవ తయారైంది. పొడుగ్గా, ఒక మనిషి పట్టేంత వెడల్పుతో, ఒక కొస సన్నగా. మేము క్రైస్తవులం. సందులో వాళ్లకు ఆ ఆకారం చూడగానే ఒకటే పెట్టె గుర్తొచ్చింది. పక్కింటామె టీ తెచ్చి ఇచ్చి, నా చెయ్యి పట్టుకుని, "అన్నకు బాగలేదా అక్కా?" అని అడిగింది. ఎవరు కబురు చేశారో, సాయంత్రం పాస్టరయ్యగారు బైబిలు పట్టుకుని వచ్చారు. మా ఆయన పడవలోపల పడుకుని రాగితీగ బిగిస్తున్నాడు. లేచి కూర్చుని, "వందనాలయ్యగారూ," అన్నాడు. పాస్టరయ్యగారు రెండడుగులు వెనక్కి వేశారు. తర్వాత చాలాసేపు నవ్వి, వచ్చారు కనుక పడవ కోసం ప్రార్థన చేసి వెళ్లారు.

పోటీకి ముందురోజు కొలతలు. ట్రాలీ ఆటోలో పడవను ట్యాంక్‌బండ్ చెరువు దగ్గరికి తీసుకెళ్లాం. కొలిచే పెద్దాయన కాకినాడ మనిషి. ఓడల మీద పనిచేసి రిటైరయ్యాడట. ఇనుప టేపు చాపి, ఒకసారి చూశాడు, ముక్కు తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

"పదకొండు అడుగుల ఒక అంగుళం ఉందమ్మా."

"ఔ సార్. గా అంగుళం నేనే ఇడిసిన."

"ఎందుకు వదిలారండీ?"

"ముందు ముందు టైటైతే ఇప్పుకోనీకి."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "పడవ ఒళ్లు చేయదు కదమ్మా," అన్నాడు, చాలా మర్యాదగా.

నేను ఏ బ్లౌజు కోసినా లోపల అంగుళం గుడ్డ వదులుతాను. పండుగకో పురుడుకో మనిషి మారితే కుట్టు విప్పుకోవచ్చు. అది నా దుకాణంలో దేవుడి ఆజ్ఞలాంటిది. ప్లైవుడ్ ముందు కూడా నా చెయ్యి ఆ ఆజ్ఞ పాటించింది. నర్సు మొహం తెల్లబోయింది. ఆమె ఈ రెండు రోజుల సెలవు కోసం నెలంతా తోటివాళ్ల డ్యూటీలు చేసింది.

"సాయంత్రం ఐదింటిలోపు సరిచేసి చూపిస్తే మళ్లీ కొలుస్తానమ్మా," అన్నాడు పెద్దాయన.

రంపం తీసుకుని నా పడవ ముక్కు నేనే కోశాను. సన్నగా అందంగా ఉండాల్సిన ముక్కు మొండిదైంది. కోసినచోట చిన్న పలక పెట్టి, రెసిన్ పూసి, ఎండలో ఆరబెట్టాం. నాలుగున్నరకు పెద్దాయన కొలిచి తలూపాడు. ఒక కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు.

"పేరు, ఏం మార్చారన్నది డిజైనరు సొంత చేత్తో రాసి సంతకం పెట్టాలండీ."

"కండ్లద్దాలు ఇంట్ల మర్శిన సార్."

"అదెంత భాగ్యం. నావి పెట్టుకోండమ్మా, దగ్గర చూపువే." తన కళ్లద్దాలు తీసి చేతికిచ్చాడు.

ముప్పై ఏళ్లలో అలా అన్నవాడు ఎవడూ లేడు. పెట్టుకున్నాను. కాగితం మీద అక్షరాలు పెద్దవయ్యాయి. అంతకుమించి ఏమీ కాలేదు. కాసేపు చదువుతున్నట్టు తల ఆడించాను కూడా. తర్వాత కళ్లద్దాలు తీసి ఇచ్చేశాను.

"సార్, నాకు చదువ రాదు. రాయ రాదు."

ఆయన కాగితం వంక, నా వంక చూశాడు. వేలిముద్ర వేస్తానంటే నియమం ఒప్పుకోదన్నాడు. ఈ పడవలో చెయ్యి ఉన్నవాళ్లు ఇంకెవరైనా డిజైనరుగా సంతకం పెడితే సరిపోతుందన్నాడు. నర్సు నా భుజం పట్టుకుని, "వద్దాంటీ, నేను వచ్చే ఏడు జూస్కుంట," అంది. ఆమె గొంతు అలా అనలేదు.

నేను మా ఆయన వైపు తిరిగాను. "నువ్వు పెట్టు."

"నేనా? పడవకు ముందేదో ఎన్కేదో ఎర్కలేదు నాకు."

"సంతకం ఎర్క గద. పెట్టు."

పెట్టాడు. మర్నాడు మా పడవ మూడోదిగా వచ్చింది. మైకులో మా ఆయన పేరు చదివారు. స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన అక్కడ నిలబడి నా కోసం ఇటూ అటూ వెతుకుతున్నాడు, ఎవరో తప్పిపోయిన పిల్లాడిలాగ. ఇంటికి వస్తుంటే ట్రాలీ ఆటోలో ఆ శాలువా తీసి నా ఒళ్లో పెట్టాడు.

"నీదే. కప్పుకో."

"నాకెందుకు? సలి పెడ్తుందా?" అని పడవలోకి విసిరేశాను.

ఆ తర్వాత ఏడాదంతా కొత్తపేట టీ కొట్టులో ఆయన్ని డిజైనర్ సాబ్ అని పిలిచారు. పడవలవాళ్లు ఫోను చేస్తే, "జర లైన్ల ఉండుండ్రి," అని లోపలికి వచ్చి నన్ను అడిగి చెప్పేవాడు. ఆ మొండి ముక్కు ఎందుకు పెట్టారని ఒకాయన అడిగితే, నేను ఇంట్లో లేనందువల్ల ఆయనే జవాబిచ్చాడు: "గది మా స్పెషల్." మరుసటి ఏడు ఇంకో రెండు పడవలు మొండి ముక్కుతో వచ్చాయి. నా వృత్తిలో నలుగురూ అనుసరించిన ఒకే ఒక్క ఆవిష్కరణ నా పొరపాటు.

అక్షరాలు నేర్చుకున్నది ఆ ఏడాదే. ఏ గొప్ప ఆశయమూ లేదు, ఒళ్లు మంటతో నేర్చుకున్నాను. మా ఆయన పలక మీద రాసి చూపిస్తే నేను కుట్టు సుద్దతో ప్లైవుడ్ మీద దిద్దేదాన్ని. అక్షరాల వంపులు నాకు తొందరగానే పట్టుబడ్డాయి. ఇన్నేళ్లు గుడ్డ మీద గీసింది వంపులే కదా. చిక్కల్లా సైజుతో వచ్చింది. సుద్దతో రాస్తే ఒక్కో అక్షరం అరచేయంత. నా పేరు పూర్తికావాలంటే గజం పలక కావాలి. పెన్ను పట్టుకుంటే అవే అక్షరాలు తొక్కిన చీమల్లా ఉండేవి. ఫారంలో గడి చూస్తే వేలెడే. "పేరు రాయనీకి పడవంత కాయితం అడుగుదమా?" అని మా ఆయన నవ్వేవాడు. నవ్వినరోజు ఆయనకు కూరలో ఉప్పు ఉండేది కాదు. అలా పదకొండు నెలలు దిద్దితే నా పేరు గడిలో పట్టింది.

రెండో పడవకు ఒక ఒట్టు పెట్టుకున్నాను. ఈసారి ఎక్కడా వదులు ఉండదు. నర్సును దుకాణంలో చిన్న పీట మీద కూర్చోబెట్టి టేపు పెట్టాను. నడుము, మోకాలు, కూర్చున్నప్పటి ఎత్తు, వంగినప్పటి ఎత్తు, అన్నీ కొలిచాను. తెరచాప కింద అడ్డంగా ఒక కర్ర ఉంటుంది. పడవ దిశ మార్చినప్పుడల్లా అది ఒకవైపు నుంచి ఇంకోవైపుకు విసురుగా వస్తుంది. నడిపే మనిషి వంగి దాని కిందినుంచి దాటాలి. ఆ కర్ర ఎంత కిందికి ఉంటే తెరచాప అంత పెద్దదవుతుంది, గాలి అంత పడుతుంది. నర్సు వంగిన ఎత్తుకు రెండు వేళ్లు మాత్రం ఎక్కువ పెట్టి కర్ర బిగించాను. రెసిన్ ఆరేసరికే కొలతల రోజు వచ్చింది కాబట్టి నీళ్లలో సాధన చేసే తీరిక లేదు. నేల మీదే ఆమెను కూర్చోబెట్టి చూశాం.

"ఆంటీ, అచ్చం నా ఒంటికి కుట్టినట్టుంది!"

"కుట్టినట్టేంది? కుట్టిందే."

పెద్దాయన టేపు పెట్టాడు. పదకొండు అడుగులకు ఒక్క నూలుపోగంత తక్కువ. కాగితం ముందు పెట్టి, అడక్కుండానే కళ్లద్దాలు తీసి అందించాడు. ఈసారి నా సొంతవి ఉన్నాయి. కూర్చుని రాశాను. వెనక ఆరు పడవలవాళ్లు ఎండలో నిలబడ్డారు. ఎవరో "ఇంకెంతసేపండీ?" అన్నారు. "ఆగండి, డిజైనరుగారు రాస్తున్నారు," అన్నాడు పెద్దాయన. చివరి అక్షరం గడి దాటి బయటికి పోయింది. ఆయన దాని పక్కనే ముద్ర కొట్టాడు.

మరుసటి రోజు రేసులో మొదటి మలుపుదాకా మా పడవే ముందుంది. నేను గట్టు మీద గొంతు పోయేలా అరిచాను. మలుపు దగ్గర నర్సు వంగింది. కర్ర వచ్చింది. ఆమె వీపుకు తగిలి ఆగిపోయింది. ఆమె ఒంటిమీద లావుపాటి లైఫ్ జాకెట్ ఉంది. దుకాణంలో కొలిచినప్పుడు దవాఖాన యూనిఫాం ఉంది. తొంభై మంది పెళ్లికూతుళ్లను లోపల ఏం వేసుకుంటావు, పైన ఏం వేసుకుంటావు అని అడిగి కొలతలు తీసినదాన్ని, నీళ్లమీదికి పోయే మనిషిని ఆ మాట అడగలేదు. పడవ ఒకపక్కకు ఒరిగి, తెరచాప నీళ్లమీద చదునుగా పరుచుకుంది. మొదటిసారి అది చదునుగా పరుచుకోవడం అప్పుడే చూశాను. ఆమె లేపింది. రెండో మలుపు దగ్గర మళ్లీ అదే.

అన్ని పడవలూ గట్టుకు చేరి, జనం సమోసాలు తింటున్నప్పుడు మాది వచ్చింది. మైకులో నర్సు పేరు చదివారు. తర్వాత, "డిజైనర్," అని, నా పేరు చదివారు. స్పష్టంగా, ఇంటిపేరుతో సహా. నాకు కావలసింది అదొక్కటే అన్నాను కదా. దొరికింది.

నర్సు తడిసి వణుకుతూ వచ్చి, "నాదే తప్పాంటీ, నేనే ఇంకా వంగవల్సింది," అంది. "వీపు కోసుకుని వంగుతవా బిడ్డా?" అన్నాను. ఆమె నవ్వి, వెంటనే ఏడ్చింది.

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమంటవే, పోయి పెద్దాయనతోని మాట్లాడాల్నా? కాయితం మీద నా పేరు రాపిస్త. నిరుడు పెట్టింది నేనే గద. ఓడింది గుడ నేనే అంటె ఎవ్వరడుగుతరు?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే వెళ్లి అడిగేవాడు. టీ కొట్టులో ఏడాదంతా వాళ్లు ఏమంటారో ఆయనకు తెలుసు.

"వద్దు," అన్నాను. "నువ్వు గింత కిందికి కర్ర పెట్టలే. నేను పెట్టిన. ఉండనియ్."

"డిజైనర్ సాబ్ పాయె మరి," అని ఆయన నిట్టూర్చి, పడవ కట్టడానికి తాడు తెచ్చాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా తడి ఆరని లైఫ్ జాకెట్ సంచిలో వేసుకుని, మెడలో టేపు, చేతిలో నోట్‌బుక్‌తో ఎల్బీనగర్ దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాను. నర్సు డ్యూటీ ఎనిమిదింటికి. ఐదు నిమిషాల ముందు వచ్చింది.

"ఆంటీ! గిక్కడనా?"

"గిక్కడనే. టైముంది. తొడుగు."

తెల్ల యూనిఫాం మీద నారింజరంగు జాకెట్ తొడిగించి, మెట్టు మీద కూర్చోబెట్టి వంగమన్నాను. చీటీల వరుసలో ఉన్న ఒక ముసలామె, "సిస్టర్‌కేమాయె బిడ్డా?" అని అడిగింది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. మెట్టు నుంచి వీపు ఉబ్బుదాకా టేపు పెట్టి చూశాను. నేను బిగించిన కర్ర కంటే నాలుగు వేళ్లు పైకి వచ్చింది. నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకుని ఆ అంకె రాసి, పక్కన "జాకెట్‌తో" అని రాశాను. తర్వాత ఆమెను ఎడమపక్కకు తిరిగి మళ్లీ వంగమన్నాను.